గెలుపు పాట చివరి ముక్క

వ్యాసర్పాడిలో రైల్వే యార్డు గోడకి ఆనుకుని ఒక ఫుట్‌బాల్ గ్రౌండు ఉండేది. మూడు వైపులా సిమెంటు మెట్లు, నాలుగో వైపు గోడ. అంతే. దాన్ని ఆ పేటవాళ్ళు స్టేడియం అనేవాళ్ళు, కాదన్నవాడితో పోట్లాటకి దిగేవాళ్ళు. ఆదివారం మ్యాచ్ ఉందంటే చాలు, వేయించిన చేపల వాసన, బీడీ పొగ, యార్డులోంచి వచ్చే డీజిల్ కంపు, అన్నీ కలిసి ఆ మెట్ల మీదే తిష్ఠ వేసేవి.

సొంత టీము గెలిస్తే చూలైలో కొట్టు పెట్టుకున్న బ్యాండు సెట్టువాళ్ళు గెలుపు పాట ఎత్తుకునేవాళ్ళు. ఆ పాటకో కట్టుబాటు ఉంది. గ్రౌండు నడిమి గీత మీద మొదలుపెట్టాలి. గోలు కొట్టినవాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని వాడింటి దాకా వాయించుకుంటూ పోవాలి. చివరి ముక్క మాత్రం వాడి గడప ముందే వాయించాలి. అది వినగానే తల్లో పెళ్ళామో హారతి పళ్ళెంతో బయటికొచ్చి వాణ్ణి లోపలికి పిలుచుకుంటుంది. ఆ ముక్కని ఇంకెక్కడా ముట్టుకోరు, సాధకంలో కూడా.

బ్యాండు మాస్టరు వెంకటాచలం. ట్రంపెట్ నోట పెట్టాడంటే కళ్ళు మూసుకుంటాడు. ఆయనకున్న చెడ్డ అలవాటు అదొక్కటే. పాపం, అదే ఆయన కొంప ముంచింది.

తొంభై ఐదు ఆగస్టులో, ఫైనల్లో గోలు కొట్టింది ఆయన కొడుకు నరేన్. ఒక్కగానొక్క కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు. పాట మొదలవగానే భుజాలెక్కమంటే ఎక్కలేదు. "నేను ముందుబోయి అమ్మకు జెప్తా" అని నవ్వుతూ గోడ దూకి యార్డుకి అడ్డం పడ్డాడు. ఇల్లు యార్డుకి అవతలే. ఎటూ ఇంటికే పోయాడు కదా అని బ్యాండు రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళింది. వెంకటాచలం తన గడప ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, ప్రాణమంతా పెట్టి చివరి ముక్క వాయించాడు. కళ్ళు తెరిస్తే ఎదురుగా భార్య కమలాంబ, చేతిలో వెలుగుతున్న హారతి.

"ఏడయ్యా నా కొడుకు?" అంది.

నరేన్ అప్పటికి పట్టాల మీద ఉన్నాడు. షంటింగు చేస్తున్న వ్యాగన్లు... ఆస్పత్రిలో గుడ్డ నడుం దాకానే తీసి చూపించారు. ఆ కింద తియ్యొద్దన్నారు.

వాడు రాకముందే పాట ముగించేశాను. ఈ ఒక్క మాట వెంకటాచలం గుండెలో ముల్లులా ఉండిపోయింది. పట్టాల మీద పడి ఉన్నవాడికి ఆ ముక్క వినిపించే ఉంటుంది. నేను లేకుండానే అయిపోయిందా నాన్నా అనుకునే ఉంటాడు. ఇంకొక్కసారి, వాడి కోసం, సరిగ్గా వాయించాలి. కానీ గెలవందే ఆ పాట ఎత్తకూడదు. టీము చూస్తే పద్నాలుగు నెలలుగా ఆ గ్రౌండులో గెలవనే లేదు. ప్రతి మ్యాచ్‌కీ ఆయన ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చునేవాడు. కొడుకు పోయినా ఆట పిచ్చి పోలేదే అనుకునేవాళ్ళు జనం. జనానికేం, ఏదో ఒకటి అనుకుంటారు.

తొంభై ఆరు అక్టోబరు. ఆ ఆదివారం మబ్బు పట్టి ఐదున్నరకే చీకటి దిగింది. ఆట ఇక అయిపోతుందనగా మనవాళ్ళకి కార్నర్ దొరికింది. బంతి గాల్లోకి లేచింది. ఎగిరినవాళ్ళ తలలన్నీ దాటి కిందికి దిగింది. నేలకి మోకాలెత్తున దేనికో తగిలి, మలుపు తిరిగి, వలలో పడింది.

ఈల మోగింది. మెట్లన్నీ లేచి అరిచాయి. కాసేపటికి ఆ అరుపు సన్నగిల్లింది, ఎందుకంటే గోలు కొట్టింది ఎవడో తేలలేదు.

"నువ్వే గదరా ఆంటో?" అన్నాడు డ్రమ్ము వాయించే కృష్ణన్.

"నేను గాదన్నా. మాత మీద ఆన, నా కాలికి తగల్లేదు."

ఆంటో ఎవడి గోలైనా తనదే అని చెప్పుకునే రకం. అలాంటివాడి మొహం పాలిపోయి ఉంది. అవతలి టీమువాళ్ళూ మాకు తగల్లేదన్నారు.

"సెరి, ఎవరింటికని పోతాం. ఈడనే వాయించేసి పోదాంపా" అన్నాడు కృష్ణన్.

వెంకటాచలం అప్పటికే నడిమి గీత మీద నిలబడి ఉన్నాడు.

"మా ఇంటికి" అన్నాడు.

పాట ఎత్తుకున్నాడు. ఈసారి ఆయన రోడ్డు పట్టలేదు. గోడ పగిలిన చోటినుంచి యార్డులోకి దిగాడు. కళ్ళు తెరుచుకునే వాయిస్తున్నాడు. వెనక బ్యాండు వాయిస్తూ వస్తోంది. మొదటి పట్టాలు దాటగానే క్లారినెట్ ఆగింది. తర్వాత డ్రమ్ము కూడా ఆగిపోయింది...

"అన్నా." కృష్ణన్ గొంతు ఎక్కడో దూరంగా, గుసగుసగా వినిపించింది. "తిరగబాకన్నా..."

తిరగలేదు. చీకట్లో ఒక్క ట్రంపెట్. దాని వెనక, కంకర రాళ్ళ మీద ఇంకో చప్పుడు. బూట్ల చప్పుడేమోనని చెవులు రిక్కించాడు. బూట్లు కాదు. బరువైనదేదో తనను తాను ఈడ్చుకుంటూ వస్తోంది. కొంచెం... ఆగి... మళ్ళీ కొంచెం. నలిగిన గడ్డి వాసన, దానితోపాటు తడిసిన ఇనుము వాసన.

పరుగెత్తాలనిపించింది. అయినా నడక నెమ్మది చేశాడు. వెనకవాడు అందుకోవాలి గదా. ఈసారి వాణ్ణి వదిలేసి ముందుకి పోకూడదు.

కమలాంబ హారతి వెలిగించుకుని వీధిలో నిలబడి ఉంది. గోలు సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. ఆమె చూపు భర్త మీద లేదు. ఆయన భుజం పక్కనుంచి వెనక్కి చూసింది. ఆ చూపు కిందికి దిగింది... ఇంకా కిందికి.

ట్రంపెట్ దించి, "వచ్చినాడా?" అని గొణిగాడు.

"వచ్చినాడు."

"ఎట్లుండాడు?"

"వాయించయ్యా. ఎంతసేపని కాచుకోనుంటాడు బిడ్డ" అంది.

వాయించాడు. ఊపిరి చాల్లేదు. ఏడుపు ఆపుకునేవాడికి ఊపిరెక్కడిది. రెండు చోట్ల స్వరం తప్పింది. అయినా చివరిదాకా వాయించాడు.

నరేన్ తల్లికంటే బాగా పొడుగు. వాడికి బొట్టు పెట్టాలంటే ఆమె మునివేళ్ళ మీద లేచేది. ఇప్పుడు ఆమె వంగింది. వంగి, వంగి, చివరికి నేల మీద మోకాళ్ళూనింది. హారతి తిప్పింది. చెయ్యి చాచి బొట్టు పెట్టింది.

"కుడికాలు..." అంది అలవాటుగా.

ఆగిపోయింది.

"ఎట్లోకట్ల రా నాయనా" అంది. "మనిల్లే గదా. రా..."

వెంకటాచలం ప్యాంటు అంచుని ఏదో రాసుకుంటూ పోయింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. గడప మీద బరువు పడింది. తర్వాత లోపలి గచ్చు మీద ఈడుపు. కొంచెం... ఆగి... మళ్ళీ కొంచెం. హారతి ఆరిపోయింది.

కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ వీధిలోనే ఉన్నారు. ఆమె మోకాళ్ళ మీద, ఆయన పక్కన నిలబడి. ఇంట్లో ఇంకెవరూ లేరు.

తలుపు మెల్లగా మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడైంది. చేతికందే ఎత్తులో ఉన్న గడియ కాదు. నేల దగ్గరున్న గడియ.