ఎదురు మర

"ఇంకొంచెం గట్టిగా తొక్కి నిలబడు, జూడ్!"

"ఎక్కడ నిలబడను? ఇది స్పానర్, బస్సు మెట్టు కాదు!"

జూడ్ గోడను పట్టుకుని, ఒక కాలు స్పానర్ పిడి మీద పెట్టాడు. అతని స్నేహితురాలు డెల్లా తన ఇంటి షెడ్డు నేల మీద చతికిలబడి, నీలం రంగు సైకిలు ఫ్రేమ్‌ను రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"కాస్త ఎగురు."

జూడ్ ఎగిరాడు. కర్రుమని చప్పుడైంది.

"వెళ్లింది!" అన్నాడు జూడ్ సంతోషంగా.

డెల్లా వంగి చూసింది. ఫ్రేమ్ గొట్టంలోకి బిగించాల్సిన ఇనుప కప్పు లోపలికి వెళ్లలేదు. పక్కకి ఒరిగి ఇరుక్కుంది. దాని అంచున సన్నని లోహపు పొట్టు మెరుస్తోంది.

"వెళ్లలేదు, ఏదో అయింది" అంది డెల్లా మెల్లగా.

ఆ ఫ్రేమ్ దొరికింది చెత్త డిపో పక్కనున్న పాత సామాన్ల షాపులో. ఒక విరిగిన ఉయ్యాల కింద పడి ఉంది. చక్రాల్లేవు, హ్యాండిల్ లేదు, పెడళ్లు లేవు. వట్టి గొట్టాలు. నాన్న దాన్ని పైకెత్తి గోటితో కొట్టి చూశాడు. ఖంగుమంది.

"మంచి ఉక్కు. ఒకప్పుడు రేసు సైకిలే ఇది" అన్నాడు.

షాపులో కొత్త రేసు సైకిలు కొనడం వాళ్ల వల్లయ్యే పని కాదు. అందుకే ఒక్కో భాగం వెతికి తెచ్చుకుని సైకిలు కట్టాలని తండ్రీ కూతుళ్లిద్దరూ అనుకున్నారు. చక్రాలు పక్కింటి కోళ్ల గూడు వెనక దొరికాయి. వంపు తిరిగిన హ్యాండిల్ పాత సామాన్ల షాపులోనే దొరికింది. సీటు మాత్రం నానమ్మ ఎన్నడూ తొక్కని వ్యాయామం సైకిలు నుంచి ఊడదీశారు.

"ఇది సీటు కాదు, సోఫా" అన్నాడు జూడ్ దాన్ని చూసి.

డెల్లాకి ప్రతి దాని గురించీ తెలుసుకోవాలి. చువ్వలు ఒకదాన్నొకటి ఎందుకు దాటుకుని వెళ్తాయి? గొలుసుకి గ్రీజు రాయకుండా నూనె ఎందుకు వేస్తారు? నాన్నకి తెలిసినవి చెప్పేవాడు. తెలియనివి అడిగితే, "నేను ఓడలో వంటవాణ్ని తల్లీ, ఉల్లిపాయ గురించి అడుగు" అనేవాడు.

జలసంధి దాటి అవతలి ఒడ్డుకు వెళ్లే పెద్ద ఓడలో ఆయన పని. ఈసారి వెళ్తూ వెళ్తూ ఒక్క మాట చెప్పాడు. "పెడళ్ల ఇరుసు నేను వచ్చాక వేద్దాం. అందాకా ముట్టుకోకు."

కానీ ఈస్టర్ సెలవులు అయిపోతున్నాయి. పిల్లల సైకిలు క్లబ్బు మొదటి రైడ్ వచ్చే శనివారమే. ఇరుసు పడితేగానీ పెడళ్లు రావు, పెడళ్లు వస్తేగానీ గొలుసు రాదు. ఇరుసుకి అటూ ఇటూ బిగించే కప్పులు రెండూ చూడటానికి ఒకేలా ఉన్నాయి. ఇందులో కష్టమేముంది అనుకుంది డెల్లా. ఒక కప్పు తీసి పెట్టి చేత్తో తిప్పితే అది తిరగలేదు. స్పానర్‌తోనూ తిరగలేదు. అప్పుడు జూడ్‌ని పిలిచింది.

ఇప్పుడు ఇద్దరూ కలిసి ఆ కప్పును ఎలాగో ఊడదీశారు. ఫ్రేమ్‌లో కప్పు పట్టుకోవాల్సిన మర చుట్లు నలిగిపోయి, ఎలుక కొరికినట్టున్నాయి.

"మీ నాన్నకి తెలిస్తే నిన్ను ఓడలో ఉల్లిపాయలు తరగడానికి పెట్టుకుంటాడు" అన్నాడు జూడ్.

"నువ్వు చెప్పకు."

"నేనెందుకు చెప్తాను? ఎగిరింది నేనే కదా!"

డెల్లా పొట్టంతా పాత గుడ్డతో తుడిచింది. కప్పుల్ని మళ్లీ డబ్బాలో పెట్టి మూత వేసింది.

నాన్న గురువారం పొద్దున దిగాడు. నిద్రపోయి లేచి, టీ తాగి, నేరుగా షెడ్డులోకి వచ్చాడు.

"రా అమ్మలూ. ఇరుసు పని పడదాం."

ఆయన ఫ్రేమ్ కుడివైపు గ్రీజు రాసి, కప్పు పెట్టి వేళ్లతో తిప్పాడు. పట్టలేదు. తీసి మళ్లీ పెట్టాడు. పట్టలేదు. టార్చిలైటు తెచ్చి లోపలికి చూశాడు.

"అయ్యో" అన్నాడు. "మర పోయింది."

డెల్లా గ్రీజు డబ్బాకి మూత పెట్టింది.

"అందుకే పారేసుంటారు. ఖంగుమన్న చప్పుడు విని మురిసిపోయానే గానీ ఇక్కడ చూసుకోలేదు. తప్పు నాదే." ఆయన చేతులు తుడుచుకున్నాడు. "రేపు తీసుకెళ్లి షాపులో ఇచ్చేద్దాం. ఇంకో ఫ్రేమ్ దొరక్కపోదులే. ఏడవకు."

"నేనేం ఏడవట్లేదు."

"మరి ముఖం అలా పెట్టావేం?"

ఆ సాయంత్రం నానమ్మ సముద్రపు చిప్పల మాంసం కూరి, పైన పిండి పొర కప్పి 'స్కాలప్ పై' కాల్చింది. డెల్లాకి అదంటే ప్రాణం. ఆ రోజు మాత్రం పైన పొరను చెంచాతో పొడుస్తూ కూర్చుంది. "చూసుకోవాల్సింది, చూసుకోవాల్సింది" అని నాన్న నానమ్మతో రెండుసార్లు అన్నాడు. అన్నప్పుడల్లా డెల్లా మెడ కిందికి వంగింది.

ఆమె బుర్రలో ఒక ప్రశ్న తిరుగుతోంది. నలిగిపోయిన మర మళ్లీ బాగవుతుందా? అడిగితే నాన్నకి తెలియవచ్చు. ఆయనకి తెలియకపోతే ఇంకెవరికైనా తెలియవచ్చు. కానీ అది అడగాలంటే, ఎలా నలిగిందో ముందు చెప్పాలి.

మర్నాడు పొద్దున నాన్న ఫ్రేమ్‌ను కారు వెనక పెట్టి తలుపు మూయబోయాడు. డెల్లా పరుగెత్తుకుంటూ వెళ్లి తలుపు పట్టుకుంది.

"నాన్నా, అది పాతది కాదు."

"ఏది?"

"ఆ నలిగింది. నేనే నలిపాను. స్పానర్‌తో."

నాన్న ఆమె వైపు చూశాడు. ఫ్రేమ్ వైపు చూశాడు.

"ముట్టుకోవద్దన్నానా లేదా?"

"అన్నావు."

"మరి?"

"ఆగలేకపోయాను."

"నిన్న నేను టార్చిలైటు పెట్టుకుని వెతుకుతుంటే పక్కనే నిలబడ్డావే!"

డెల్లా చెప్పు కొనతో కంకరని గీకింది. "నువ్వు నీ తప్పు అన్నావు. అప్పుడు చెప్పడం ఇంకా కష్టమైపోయింది."

నాన్న కోపంగానే ఉన్నాడు. తలుపు మీద వేళ్లతో టకటకా కొట్టాడు. తర్వాత ఏదో తట్టినట్టు ఆ వేళ్లు ఆగిపోయాయి.

"ఏ కప్పు పెట్టావు?"

"తెలీదు. రెండూ ఒకేలా ఉన్నాయి."

"ఎటు తిప్పావు?"

"మామూలుగానే. అన్నీ బిగించే వైపుకే."

"ఎంత లోపలికి వెళ్లింది? సరిగ్గా చెప్పు."

డెల్లా కళ్లు మూసుకుని గుర్తు చేసుకుంది. "ఎక్కువ వెళ్లలేదు. చుట్టు కూడా పూర్తవలేదు. పక్కకి ఒరిగి కర్రుమంది."

"చుట్టు కూడా కాలేదా? నిజంగా?"

"నిజంగా."

నాన్న ఫ్రేమ్‌ను బయటికి లాగి, టార్చిలైటు వేసి మళ్లీ చూశాడు. ఈసారి అంచు దగ్గర ఆగకుండా ఇంకా లోపలికి చూశాడు. "తుప్పు పట్టి మొత్తం మర పోయిందనుకున్నాను. నలిగింది మొదట్లోనే! లోపలంతా శుభ్రంగా ఉంది. కారెక్కు."

"పాత సామాన్ల షాపుకా?"

"కాదు, మార్గో దగ్గరికి."

మార్గో తన గరాజులోనే సైకిళ్లు బాగుచేస్తుంది. పిల్లల క్లబ్బుని నడిపేదీ ఆవిడే. ఫ్రేమ్‌ను కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, "ఎవరిదీ ఘనకార్యం?" అంది.

నాన్న పైకప్పు వైపు చూశాడు.

"నాదే" అంది డెల్లా. "ఎడమవైపు కప్పు కుడివైపు పెట్టి ఉంటానని నాన్న అన్నాడు. స్పానర్ మీద జూడ్ నిలబడ్డాడు."

"నిలబడ్డాడు సరే. ఎగరలేదు కదా?"

"ఒక్కసారి."

మార్గో పగలబడి నవ్వింది. నాన్న కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆవిడ సొరుగులోంచి మర కోసే, పళ్లున్న లావుపాటి ఉక్కు కడ్డీ తీసింది. నూనె పోసి, దాన్ని ఫ్రేమ్‌లో పెట్టి కొంచెం తిప్పింది. మళ్లీ వెనక్కి తిప్పింది. మళ్లీ కొంచెం ముందుకి.

"వెనక్కి ఎందుకు తిప్పుతున్నారు?" అడిగింది డెల్లా.

"తెగిన పొట్టు లోపల ఇరుక్కోకుండా. ఇరుక్కుంటే కొత్తగా కోసింది కూడా పాడవుతుంది."

"మీరు మామూలు వైపుకి కాకుండా ఎదురు వైపుకి తిప్పుతున్నారు!"

"చూశావా, కనిపెట్టావు. కుడివైపు మర ఎదురు మర. అందరూ బిగించే వైపుకి తిప్పితే ఇది ఊడుతుంది."

"ఎందుకలా చేశారు? మనల్ని ఏడిపించడానికా?"

మార్గో చెవి మీది పెన్సిల్ తీసి డెల్లాకి ఇచ్చింది. "నీ ఎడమ చేతి వేళ్లను వదులుగా గుండ్రంగా చుట్టు. అందులో పెన్సిల్ పెట్టు. రెండో చేత్తో పై కొనను వదులుగా పట్టుకుని, వేళ్ల అంచుకి ఆనిస్తూ గుండ్రంగా తిప్పు. పెన్సిల్ తనంతట తాను ఎటు దొర్లుతోందో చూడు."

డెల్లా తిప్పింది. పెన్సిల్ మీద అక్షరాలు మెల్లగా తిరుగుతున్నాయి. చేయి ఒకవైపు పోతుంటే, పెన్సిల్ రెండోవైపు దొర్లుతోంది!

"ఎదురుగా దొర్లుతోంది!"

"నువ్వు పెడల్ తొక్కుతుంటే ఆ కప్పు కూడా అలాగే కొంచెం కొంచెంగా ఎదురు తిరగాలని చూస్తుంది. మామూలు మర పెడితే దారిలో ఊడిపోతుంది. ఎదురు మర పెడితే?"

డెల్లా పెన్సిల్‌ను ఇంకోసారి తిప్పి చూసుకుంది. "ఇంకా బిగుసుకుంటుంది!"

"అంతే."

మర కోయడం అయ్యాక మార్గో కుడి కప్పును డెల్లా చేతికే ఇచ్చింది. డెల్లా వేళ్లతో పట్టుకుని ఎదురు వైపుకి తిప్పింది. వెన్నలోకి వెళ్లినట్టు వెళ్లింది. ఆమె దాన్ని ఊరికే ఊడదీసి మళ్లీ తిప్పింది.

"ఇంకోసారి చేస్తే మర అరిగిపోతుంది" అన్నాడు నాన్న.

ఆ రోజంతా, శుక్రవారం చీకటి పడేదాకా, షెడ్డులో పని జరిగింది. జూడ్ కూడా వచ్చాడు. వచ్చీ రాగానే నాన్నతో, "ఎగిరింది నేనేనండీ" అని చెప్పేశాడు. నాన్న అతని చేతికి తుప్పు పట్టిన గొలుసు, ఒక బ్రష్షు ఇచ్చి కూర్చోబెట్టాడు.

శనివారం పొద్దున గాలి సముద్రం మీంచి రివ్వున వీస్తోంది. నదీముఖం దగ్గర పచ్చికలో పిల్లలంతా సైకిళ్లతో బారులు తీరారు. లైట్‌హౌస్ దాకా వెళ్లి రావాలి. దారిలో ఒక ఏటవాలు దిగుడు ఉంది.

"అదేం సీటే! దాని మీద ఇంకో ఇద్దరం కూర్చోవచ్చు" అన్నాడు రోరీ అనే అబ్బాయి. అతని సైకిలు కొత్తది, తళతళలాడుతోంది.

"నీకు చోటివ్వను" అంది డెల్లా. నవ్వుతూ హ్యాండిల్ పట్టుకుంది.

పట్టుకోగానే ఆమెకి ఒకటి గుర్తొచ్చింది. పొద్దున నాన్న లేవకముందే హ్యాండిల్ కొంచెం పైకి లేపుకుంది. బోల్టు వదులు చేయడం గుర్తుంది. హ్యాండిల్ లాగడం గుర్తుంది. అప్పుడే జూడ్ గేటు దగ్గర నుంచి కేకేశాడు. మళ్లీ బిగించిందా?

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఇంటి నుంచి నడిపించుకునే వచ్చారు, తొక్కలేదు. బిగించే ఉంటాననుకుంది. మెల్లగా తొక్కితే సరిపోతుందేమో అని కూడా అనుకుంది.

మార్గో ఈల నోట్లో పెట్టుకుంది.

డెల్లా చెయ్యెత్తింది. "మార్గో! ఆగండి!"

"ఏమైంది?"

అందరూ తిరిగి చూశారు. డెల్లా చెవులు వేడెక్కాయి. "పొద్దున హ్యాండిల్ పైకి లేపాను. మళ్లీ బిగించానో లేదో గుర్తు లేదు."

"అబ్బా!" అని ఎవరో మూలిగారు. "ఇక్కడే చలికి గడ్డకట్టేస్తాం" అన్నాడు రోరీ.

మార్గో దగ్గరికి వచ్చింది. డెల్లా సైకిలు ముందు నిలబడి, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుంది. హ్యాండిల్‌ను పక్కకి తిప్పింది.

చక్రం కదల్లేదు. హ్యాండిల్ ఒక్కటే గిర్రున పక్కకి తిరిగిపోయింది.

మూలుగులు ఆగిపోయాయి. మార్గో ఏటవాలు వైపు ఒకసారి చూసింది. తర్వాత జేబులోంచి బోల్టులు బిగించే ఎల్ ఆకారపు అలెన్ కీ తీసి డెల్లా చేతిలో పెట్టింది. "నువ్వే బిగించు. నేను చూస్తాను."

డెల్లా హ్యాండిల్ తిన్నగా పెట్టి బోల్టు బిగించింది. ఈసారి చక్రాన్ని తనే మోకాళ్ల మధ్య పట్టుకుని తిప్పి చూసింది. కదల్లేదు. మార్గో కూడా తిప్పి చూసి తలూపింది.

"సరే, అందరూ సిద్ధమేనా?"

"ఒక్క నిమిషం" అన్నాడు రోరీ.

అతను తన కొత్త సైకిలు దిగి, ముందుకి వచ్చి, చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. అతని పక్కనున్న అమ్మాయీ దిగింది. తర్వాత జూడ్, ఆ తర్వాత వరసలో అందరూ. మార్గో ఈలను జేబులో వేసుకుని, వాళ్లు పూర్తి చేసేదాకా గాలికి వీపు తిప్పి నిలబడింది.