ఎవరూ కొలవని అంకె

ల్యాబ్ ఫ్రిజ్‌లో నాలుగో నంబరు బావి నీళ్ళ సీసా లేదు.

ఉదయం 8:20. తాళం పగల్లేదు. తాళంచెవులు ముగ్గురి దగ్గరే ఉన్నాయి. డైరెక్టర్. బావుల నీళ్ళు తోడి తెచ్చే బాబాయి. కంప్యూటర్‌లో భూగర్భజలాల మోడల్ నడిపే అమ్మాయి.

"నిన్న 6:15కి ఆఖరున వెళ్ళింది ఈవిడే," అన్నాడు డైరెక్టర్. "అరెస్ట్ చెయ్యండి."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తొందరేంటి సార్?"

"పదకొండుకి కోర్టు. ఫ్యాక్టరీ వ్యర్థాలు ఆ బావిలో కలుస్తున్నాయని వీధివాళ్ళ కేసు. కలవట్లేదని నా రిపోర్ట్. సీసా ఉంటే నా మాట నిజమని తేలేది. అందుకే మాయం చేసింది."

"మళ్ళీ పరీక్షించమని అడిగిందే నేను! నేనెందుకు తీస్తానండీ?" అంది అమ్మాయి.

ఫోన్ మోగింది. పై అధికారి. ఆమెను వెంటనే తీసుకురమ్మన్నాడు.

"తెస్తాను సార్. ఎవర్ని తేవాలో తేలనివ్వండి," అని ఇన్‌స్పెక్టర్ పెట్టేశాడు.

రిపోర్ట్ తెరిచాడు. చెరువు నీరు, పీహెచ్ 8.2. లోతు బోరు నీరు, 6.4. బావిలో ఆ రెండూ సగం సగం కలిశాయట. బావి నీరు, 7.3.

"ఈ 7.3 ఎవరు కొలిచారు?"

"నేనే. నిన్న 5:40కి. రెండుసార్లు," అన్నాడు డైరెక్టర్.

అమ్మాయి పకపకా నవ్వింది.

"ఏంటమ్మా నవ్వు?"

"సగం సగం కలిపితే ఉప్పు సరిగ్గా మధ్యకొస్తుందండి. పీహెచ్ రాదు. నీళ్ళు కలిశాక అందులోవి మళ్ళీ ఒకదానితో ఒకటి చర్య జరుపుతాయి. మోడల్ కూడా అంతే. ముందు కలుపుతుంది, తర్వాత ఆ చర్యలన్నీ లెక్కగట్టి కొత్త పీహెచ్ తేలుస్తుంది. ఈ బోరు నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ బోలెడు. చెరువు నీళ్ళకి దాన్ని తట్టుకునే బలం లేదు. ఈయన చెప్పినట్టే కలిసినా దాదాపు 6.5 దగ్గరే ఆగిపోతుంది."

ఇన్‌స్పెక్టర్ కాగితం మీద 8.2, 6.4 కూడాడు. రెండుతో భాగించాడు. 7.3.

"మీరు కొలవలేదు సార్," అన్నాడు డైరెక్టర్‌తో. " సగటు తీశారు. అందరం తాళం చూశాం, అంకె చూడలేదు. సీసా ఉంటే ఈ అంకె నిలవదు. అది మాయమవ్వాల్సిన అవసరం మీ ఒక్కరికే."

"కంప్యూటర్ ఆటలు కోర్టులో నిలుస్తాయా?"

అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ బాబాయి నోరు విప్పాడు. "సీసా అంటే దాచేశారు. బావినెక్కడ దాస్తారు సార్?"

10:35. నలుగురూ బావి దగ్గరున్నారు. చుట్టూ బిందెలతో ఆడవాళ్ళు. బాబాయి బకెట్ తోడి, ల్యాబ్ మీటర్ ముంచాడు. అంకె దిగుతూ దిగుతూ ఆగింది.

"నాలుగు పాయింట్ నాలుగు!" వీధంతా వినబడేలా చదివాడు. "ఇది చెరువుదీ కాదు, బోరుదీ కాదు. యాసిడ్."

ఒక ముసలావిడ నిండు బిందెతో ముందుకొచ్చింది. "ఈ నీళ్ళు తాగొచ్చని రాసిందెవరే?"

"ఈయనే పెద్దమ్మా," అంది అమ్మాయి.

బిందె డైరెక్టర్ బూట్ల మీద బోర్లపడింది.

ఆయన ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. "చూస్తూ ఊరుకుంటారేంటి?"

"జీపెక్కండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "దారిలో ఆరతాయి."