మావయ్యగారి మిషను బండి

వేడన్నంలో చేపల పులుసు వడ్డించి, మంచినీళ్ల చెంబు తేవడానికి రత్నకుమారి లోపలికి వెళ్లి వచ్చేసరికి మావయ్యగారు కంచం ముందు లేరు. పెరట్లోంచి గొలుసుల చప్పుడు వినిపించింది. తాడేపల్లిగూడెం నుంచి మెకానిక్ అబ్బులు ఇంజను పైకెత్తే చైన్‌పుల్లీ తెచ్చేశాడన్నమాట! ఆమె పరుగున వెళ్లేసరికి మావయ్య ఏసోబు గారు ఎంగిలి చేత్తోనే పాత పికప్పు ఉన్న షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నారు. ఎనభై దాటిన మనిషి.

“నేనుండగా దీని ఇంజను కదలడానికి వీల్లేదు అబ్బులూ,” అన్నారాయన.

“నాన్నా, ఈ కాలంలో ఇంత పాత ఇంజనుతో ఎవరూ బండి నడపరు. డీజిల్ ఇంజను పెట్టిస్తాను. పవర్ స్టీరింగు, పవర్ బ్రేకులు, అన్నీ కొత్తవే వేయిస్తాను,” అన్నాడు రత్నకుమారి భర్త వెస్లీ, తండ్రి ముఖంలోకి చూడకుండా.

“అన్నీ మార్చేస్తే ఇంక ఇందులో నీకు మిగిలేదేంట్రా, పైన రేకా?”

అబ్బులు గొలుసులు మళ్లీ ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. పంచలో పులుసు చల్లారిపోయింది.

ఆ పికప్పు ఒకప్పుడు కైకలూరు దగ్గరి క్రైస్తవ మిషను డిస్పెన్సరీది. కొల్లేటి లంకల నుంచి పడవల మీద గట్టుకు చేరిన రోగుల్ని, నొప్పులు పడుతున్న ఆడవాళ్లని ఏలూరు పెద్దాసుపత్రికి చేర్చేది. దాని డ్రైవరు ఏసోబు గారు. రోగుల వెంట వచ్చే నర్సు ఆయన భార్య జీవరత్నం గారు. డిస్పెన్సరీ మూతపడినప్పుడు మిషను వాళ్లు బండిని ఆయనకే ఇచ్చేశారు. జీవరత్నం గారు కన్నుమూశాక ఆయన దాన్ని రోడ్డెక్కించలేదు. అలాగని గాలికీ వదిలేయలేదు. చక్రాలు నేలకి ఆనకుండా దుంగల మీదికి ఎత్తి, రేకుల షెడ్డు వేసి, ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ముందు హ్యాండిల్ పెట్టి ఇంజను తిప్పేవారు. కీళ్లకి నూనె, రబ్బర్లకి పౌడరు... పసిపిల్లని సాకినట్టు సాకారు. ఆకుపచ్చ రంగు కొద్దిగా వెలిసిందేగానీ ఎక్కడా తుప్పన్నది లేదు.

ఇప్పుడు ఆ డిస్పెన్సరీ ఉన్న ఊరి చర్చికి వందేళ్ల పండుగ. పాత బండిని తీసుకురమ్మని పాస్టరుగారు స్వయంగా వచ్చి అడిగారు. ఏసోబు గారు సంతోషంగా ఒప్పుకున్నారు. కొడుకే నడపాలన్నారు. పండుగ అయ్యాక బండి వాడిదేననీ, దానిమీద బతుకు చూసుకోమనీ అన్నారు. ఒక్కటే షరతు పెట్టారు: బండి ఎలా ఉందో అలాగే ఉండాలి, ఏదీ మార్చకూడదు!

ఆ షరతు విన్నప్పుడు వెస్లీ ముఖం పాలిపోవడం రత్నకుమారి ఒక్కతే చూసింది. ఎందుకు పాలిపోయిందో కూడా ఆమె ఒక్కదానికే తెలుసు.

ఏడాది కిందట ముదినేపల్లి దగ్గర టైరు పేలి వెస్లీ నడిపే రొయ్యల వ్యాను బోల్తా పడింది. కుడి మోకాలు నుజ్జయింది. ఆపరేషను తర్వాత కొద్దిగా కుంటుతూ నడవగలిగాడు. అందరూ ప్రభువు కాపాడాడని సంతోషించారు. కానీ ఆ కాలిలో బలం తిరిగి రాలేదు. నడవడానికి సరిపోతుందిగానీ, గట్టిగా అదిమితే వణికిపోతుంది. కొత్త బళ్ల బ్రేకులు మెత్తగా ఉంటాయి, వాటికి ఇబ్బంది లేదు. ఈ పాత పికప్పు అలా కాదు. పెడలు మీద మనిషి బలమంతా పెడితేగానీ ఆగదు. ఆ మాట తండ్రికి చెప్పమని ఆమె ఎన్నిసార్లు బతిమాలిందో! ప్రతిసారీ వెస్లీ ఒకటే చెప్పేవాడు. ఆసుపత్రిలో కళ్లు తెరవగానే తండ్రి అడిగిన మొదటి మాట, “బ్రేకు వేశావా, లేదా?” అని. జీవితమంతా ఒక్క గీత పడకుండా నడిపిన మనిషి ఆయన. ఆయన ముందు నిలబడి నా కాలు చచ్చిపోయిందని ఎలా చెప్పను అనేవాడు. చివరికి ఆమె చేత బైబిలు మీద చెయ్యి వేయించి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు.

అందుకే ఒక్క బ్రేకు అడగలేక అన్నీ మార్చాలని పట్టుపట్టాడు. ఇంజను, స్టీరింగు, డాష్‌బోర్డు... ఇన్నింటి మధ్య ఆ బ్రేకు ఎవరి కంటా పడదని అతని ఆశ! భర్త మనసులోని ఈ మెలిక అర్థమై రత్నకుమారి ఏడవలేకా, నవ్వలేకా ఉండిపోయింది.

సంగతి తెలియగానే వెస్లీ అక్క సలోమి కైకలూరు నుంచి బస్సెక్కి వచ్చేసింది. వస్తూనే వంటింట్లోకి వెళ్లి, తమ్ముడికి ఈ బుద్ధులు ఎక్కడివో తనకి తెలియదా అని మొదలుపెట్టింది. మా అమ్మ కూర్చున్న సీటు, మా నాన్న చేతులు పట్టిన చక్రం, వాటిని పాతసామాన్ల కొట్టుకి పంపాలని ఏ కోడలు అనుకుంటుందంది. అత్తగారు బతికుంటే ఇలా చేయనిచ్చేదా అంది. రత్నకుమారి ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది. ఒక్కమాటతో ఆవిడ నోరు మూయించవచ్చు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా... దాన్ని మింగేసింది. ఉల్లిపాయలు ఉండబట్టి సరిపోయింది, కళ్లెందుకు ఎర్రబడ్డాయని ఎవరూ అడగలేదు.

చివరికి పెద్దాయన మాటే నెగ్గింది. అబ్బులు మళ్లీ వచ్చి, టాంకు కడిగి, కార్బురేటరు విప్పి శుభ్రం చేసి, గట్టిపడిన గొట్టాలూ బ్రేకుల లోపలి రబ్బర్లూ అదే కొలతలో కొత్తవి వేశాడు. చక్రాలు దుంగల మీంచి నేలకి దిగాయి. మూడోసారి హ్యాండిల్ తిప్పగానే ఇంజను ఒక్క దగ్గు దగ్గి, నల్లటి పొగ వదిలి, తర్వాత నిదానంగా తిరగసాగింది. ఏసోబు గారు బానెట్టు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నారు. సలోమి కొంగుతో కళ్లు తుడుచుకుంది. అందరి ముఖాలూ వెలిగిపోతుంటే రత్నకుమారి మాత్రం భర్త కాలికేసి చూస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దున్నే కొల్లేటి రోడ్డు మీద నడిపి చూద్దామని నిర్ణయమైంది. తానూ వస్తానంది రత్నకుమారి. ఆడవాళ్లెందుకని సలోమి గొణిగింది. అయినా ఆమె వినలేదు. ఎన్నడూ లేనిది అంత పట్టుదల ఎందుకా అని మావయ్యగారు వింతగా చూసి, సరే ఎక్కమన్నారు. వెస్లీకి పక్కన ఆమె కూర్చుంది, అవతలి తలుపు దగ్గర ఆయన.

బండి ఏలూరు దాటింది. రెండువైపులా చేపల చెరువులు, వాటిలో నీళ్లు చిమ్ముతున్న యంత్రాలు, గట్ల మీద గూడబాతులు. ఎదురుగా లారీ వచ్చినా, మలుపు తగిలినా వెస్లీ బ్రేకు జోలికి పోకుండా గేర్లు తగ్గిస్తూ నెమ్మది చేస్తున్నాడు. పెద్దాయన మురిసిపోయారు. గేరుతో బండిని అదుపు చేయడం తన దగ్గర నేర్చుకున్నదేనని కోడలికి చెప్పారు. ఆమె తలూపింది. భర్త నుదుటి మీద చెమట కారి కంట్లోకి దిగుతోంది. తుడుచుకోవడానికి కూడా అతను చక్రం వదలడం లేదు. ప్రభువా, ఇంటికి చేర్చు తండ్రీ... అనుకుంటూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి.

పెద్దఎడ్లగాడి వంతెన ఎక్కారు. దిగుతుండగా కనిపించింది. కింద రోడ్డుకి అడ్డంగా బాతుల మంద! ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి వందలకొద్దీ బాతులు తాపీగా దాటుతున్నాయి. మధ్యలో పొడుగాటి కర్ర పట్టుకుని ఒక ఆడమనిషి, ఆమె చంకలో చంటిపిల్ల.

వెస్లీ గేరు తగ్గించాడు. అది పల్లం, బండి బరువుకి వేగం తగ్గలేదు. బ్రేకు మీద కాలు వేశాడు. ఆ కాలు వణకడం మొదలుపెట్టింది.

“బ్రేకు వెయ్యరా!” అన్నారు పెద్దాయన.

బండి కొద్దిగా నెమ్మదించిందిగానీ ఆగలేదు. హారను మోగింది. ఆడమనిషి తలెత్తి చూసి, అడుగు పడక, పిల్లని గుండెలకి హత్తుకుని అక్కడే కొయ్యబారిపోయింది. రత్నకుమారికి ఇంక ఏమీ తోచలేదు. సీటు మీంచి అడ్డంగా వంగి, భర్త కుడి మోకాలి మీద రెండు చేతులూ వేసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కిందికి అదిమింది. ఆ విరిగిన మోకాలినే! వెస్లీ పెట్టిన కేకకి ఆమె ప్రాణం విలవిల్లాడింది. అయినా చేతులు తీయలేదు. టైర్లు కీచుమన్నాయి. బండి ఊగి, ఆడమనిషికి రెండు బారల దూరంలో ఆగిపోయింది.

బాతులు అరుచుకుంటూ చెల్లాచెదరయ్యాయి. ఆడమనిషి తిట్లు మొదలుపెట్టింది. ఆ తిట్లు రత్నకుమారికి దీవెనల్లా వినిపించాయి. తిడుతోందంటే బతికి ఉందన్నమాట!

బండి పక్కకి తీసి ఆపారు. వెస్లీ చక్రం మీద తల వాల్చేశాడు. మావయ్యగారు కోడలి చేతుల వంకే చూస్తున్నారు. అవి ఇంకా ఆ మోకాలి మీదే ఉన్నాయి.

“ఏంటమ్మా ఇది?” అని మెల్లగా అడిగారాయన.

“రత్నం, వద్దు,” అన్నాడు వెస్లీ.

“ఇంక దాచనండి. ఒట్టు తప్పినందుకు దేవుడు నన్నేం చేసినా సరే,” అని ఆమె మావయ్యగారి వైపు తిరిగింది. ఆగకుండా అంతా చెప్పేసింది. కాలిలో బలం లేదనీ, ఈయనకి కొత్త ఇంజనుతో, స్టీరింగుతో పనే లేదనీ, కావలసింది ఒక్క బ్రేకేననీ... ఆ ఒక్కటీ అడగలేక అన్నీ అడిగారనీ చెప్పింది. “మీరు నడిపినట్టు నడపలేనని మీ ముందు ఒప్పుకోవడానికి ఆయనకి నోరు రాలేదు మావయ్యగారూ. ఏడాది నుంచీ నేనొక్కదాన్నే మోస్తున్నాను. ఇంక నావల్ల కాదు,” అంది.

ఏసోబు గారు తలుపు తీసుకుని దిగారు. దిగి, బండి పట్టుకుని వెనక్కి నడిచి వెళ్లి అక్కడే నిలబడిపోయారు. ఎంతసేపటికీ రాకపోయేసరికి భార్యాభర్తలిద్దరూ దిగి వెళ్లారు. ఆయన వెనక తలుపు కింద ఉన్న ఇనప మెట్టు మీద చెయ్యి వేసి ఉన్నారు.

“ఇది కంపెనీ వాళ్లు పెట్టింది కాదురా,” అన్నారు కొడుకుతో. “నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ ఈ బండి ఎక్కలేకపోయేది. ఉద్యోగం మానేస్తానని ఏడ్చింది. నేనే ఏలూరులో కమ్మరి చేత చేయించి బిగించాను. ఎక్కలేని మనిషి కోసం మెట్టు పెట్టినవాణ్ణి... ఆపలేని కొడుకు కోసం బ్రేకు పెట్టనిస్తే ఏం పోయేది నాకు? ఎందుకు చెప్పలేదురా?”

“ఆసుపత్రిలో మీరు బ్రేకు వేశావా అని అడిగారు నాన్నా,” అన్నాడు వెస్లీ.

పెద్దాయన ముఖం నలిగిపోయింది. ఆ మాట తన నోటినుంచి ఎలా వచ్చిందో తనకే తెలియదన్నారు. రక్తంలో ఉన్న కొడుకుని చూసి మతిపోయి ఏదో ఒకటి అడిగానన్నారు. “నువ్వు బతికావన్నదే చాలనుకున్నానురా ఆ రోజు. ఆ మాట మాత్రం నీతో అనలేదు,” అంటూ కొడుకు భుజం పట్టుకున్నారు. వెస్లీ చిన్నపిల్లాడిలా తండ్రి మెడ మీద వాలిపోయాడు.

కాసేపటికి ఆయన కోడలికేసి తిరిగారు. సలోమి ఎన్నేసి మాటలంటున్నా ఎందుకు నోరు మెదపలేదో ఇప్పుడర్థమైందన్నారు. ఆ మాటలు విని కూడా ఊరుకున్నందుకు తనను క్షమించమన్నారు. రత్నకుమారి ఏడాదిగా బిగబట్టిన ఏడుపంతా ఆ రోడ్డు పక్కనే, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగానే బయటపడింది.

ఆ వారంలోనే అబ్బులు బ్రేకు బూస్టరు తెచ్చాడు. ఇంజను పీల్చే గాలితోనే అది పనిచేస్తుందట. కాలు కొద్దిగా ఆనిస్తే చాలు, మిగతా బలం అదే ఇస్తుంది. పాత ఇంజను పాత ఇంజనుగానే ఉంది. ఛాసిస్‌కి ఒక్క చిల్లు కూడా పెట్టకుండా క్లాంపులతో బిగించమని ఏసోబు గారు దగ్గర కూర్చుని చేయించారు. సలోమి టీలు అందించింది. మరదలికి గ్లాసిస్తూ, తన నోరే తన శత్రువని గొణిగింది. అంతకంటే ఎక్కువ ఆవిడ అనలేదు. రత్నకుమారి ఆశించనూ లేదు.

పండుగ రోజు చర్చి ఆవరణలో బండి చుట్టూ జనం మూగారు. పాత వాహనాలంటే సరదా ఉన్న పెద్దమనిషి ఒకాయన విజయవాడ నుంచి వచ్చాడు. కిందికి వంగి, లోపలికి తొంగి చూసి, అంతా ఒరిజినలేనాండీ అని అడిగాడు. వెస్లీ నేల చూపులు చూశాడు.

“కాదండీ. బ్రేకు మార్చాం. మా అబ్బాయి కాలికి దెబ్బ తగిలింది, వాడి కాలికి వీలుగా మార్చాం,” అన్నారు ఏసోబు గారు.

అది తీసేస్తే బండి విలువ పెరుగుతుందని పెద్దమనిషి సలహా ఇచ్చాడు. దాన్ని నడిపేది మావాడండీ అని నవ్వి, పెద్దాయన అతన్ని ఫలహారాల దగ్గరికి తీసుకెళ్లిపోయారు.

సాయంత్రం తిరుగు ప్రయాణం. నీళ్ల మీద ఎండ పచ్చబడింది. ఆలపాడు దాటాక వెస్లీ నెమ్మదిగా బ్రేకు మీద కాలు ఆనించాడు. బండి చప్పుడు లేకుండా రోడ్డు పక్కకి ఒదిగి ఆగింది. ఏమైందోనని రత్నకుమారి కంగారుగా చూసింది.

“కాలు లాగుతోంది నాన్నా. కాసేపు ఆగుదాం,” అన్నాడు వెస్లీ.

పెళ్లయి ఇన్నేళ్లలో తండ్రి ముందు అతను నొప్పి అన్న మాట అనడం ఆమె వినలేదు. మావయ్యగారు తలుపు అద్దం దించి, “ఆగరా, మనకేం తొందర,” అన్నారు. రత్నకుమారి భర్త మోకాలి మీద చెయ్యి వేసి, ఈసారి మెల్లగా, నిమరసాగింది.