నాగపూర్‌లో ఆగే విమానం

ఐలేశానికి భార్య ఆఖరి చూపు దక్కనివ్వనిది ఆయన పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంటే. ఇందులో వాదనకు తావు లేదు.

యాదలక్ష్మి నల్గొండ దవాఖానలో చావుబతుకుల మధ్య కొట్టుమిట్టాడుతున్నప్పుడు ఆయన ఢిల్లీలో డ్యూటీ మీద ఉన్నాడు. విమానం గురించి వాకబు చేశాడు. మ్యాపు మీద నేరుగా గీత గీస్తే హైదరాబాదు ఏడువందల ఎనభై మైళ్ళు. కానీ ఆ డకోటా విమానం నాగపూర్‌లో దిగి, పెట్రోలు పోసుకుని, ప్యాసింజర్లకు చాయ్ తాగించి గానీ కదలదు. మొత్తం ఐదున్నర గంటలు. చీఫ్ సెలవివ్వలేదు. సొంతూరు మర్రిగూడలో చితికి నిప్పు బావమరిది పెట్టాడు.

ఏడాదికి, 1965లో, అదే చీఫ్ ఫోన్ చేశాడు.

"విదేశీ ముఠా హైదరాబాదు దగ్గరి ఆలేరులో మిలిటరీ స్పెషల్ రైలుని పేల్చబోతోంది. రెండు వందల మంది జవాన్లు. ముఠాలో మన డబుల్ ఏజెంట్ మృణాళిని ఉంది. ప్లాన్ తెలియగానే వచ్చి చెబుతుంది."

"కోడ్?"

"నువ్వు సీతాఫలాలు అమ్ముతుంటావు. ఆమె గింజల్లేని పండు అడుగుతుంది."

ఐలేశం గంప నెత్తిన పెట్టుకుని ఆలేరు స్టేషన్‌లో దిగాడు. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ బాబా మియాకు సంగతి తెలుసు.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు జీపు ఆగి మృణాళిని దిగింది. నల్లకళ్ళద్దాలు, సిల్కు చీర, చేతిలో లిప్‌స్టిక్.

"గింజల్లేని పండుందా?"

"దేవుడే చెయ్యలే. నేనేడికెల్లి తేవాలె?"

ఆమె గొంతు తగ్గించింది. "మెయిన్ లైన్ కింద బాంబు. రైలును పక్కనున్న లూప్ లైన్లోకి మళ్ళించండి. చీఫ్ ఆర్డర్. పొద్దున ఆరింటికి ఢిల్లీలో విమానమెక్కి, సరాసరి వస్తున్నాను."

దూరాన రైలు కూత పెట్టింది.

"ఐలన్నా, జల్ది చెప్పు!" లివర్ పట్టుకుని బాబా మియా అరిచాడు. "మెయినా, లూపా?"

ఐలేశం ఆమెనే చూశాడు. ఆయన గుండె అదరలేదు. ఏడాదిగా దానికి ఆ అలవాటు పోయింది.

"ఇమానంల చాయ్ మంచిగున్నదా అమ్మా?"

"ఏ చాయ్?"

"నాగపూర్‌ల పోస్తరు. ఇప్పుడు నువ్వు ఆడ్నే తాగుతుండాలె. నువ్వు మన దిక్కు కాదు, నీ ముఠా మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచింది. ఇమానమెక్కలే." తల తిప్పకుండానే అరిచాడు. "మెయిన్, మియా!"

లిప్‌స్టిక్ పిస్తోలుగా మారింది. ఐలేశం గంప ఆమె మీదికి విసిరాడు. గుండు రేకుల కప్పులోకి పోయింది. ఆమె పండ్ల మీద జారి పడింది. బాబా మియా లివర్ లాగాడు. స్పెషల్ ప్లాట్‌ఫారం అదిరేలా దూసుకుపోయింది. చివరి డబ్బా అవుటర్ సిగ్నల్ దాటగానే ఖాళీ లూప్ లైన్ ఢామ్మని ఆకాశానికి లేచింది.

మట్టి అణిగాక బాబా మియా ఆమె చేతులు కట్టేసి గడ్డం దులుపుకున్నాడు. "అల్లా! గీమె అందం జూసి నేనైతే లూప్ అనేటోణ్ణి."

సాయంత్రం చీఫ్ ఫోన్. "శభాష్! నీకు మెడల్. విమానం టికెట్టు పంపుతున్నాను, ఢిల్లీ రా."

"సెలవు దొరకది సార్."

చీఫ్ మెడల్ మాట వదిలేశాడు.

"ఐలేశం... ఆ రోజు నేను..."

"గా ముచ్చట నేను మల్లెన్నడు ఎత్త. మీరు గూడ ఎత్తకుండ్రి."

ఫోన్ పెట్టేసి, చితకని సీతాఫలాలు ఏరి గంపలో వేసుకున్నాడు.