శిగమొచ్చే జాగ

"సార్, మీ బండికి శిగం లేదు."

దశరథం చేతిలోని చాక్‌పీసు జారి కింద పడింది. గద్వాలలోని ఈ కంప్యూటర్ సెంటర్‌లో డాస్ చెప్పడానికి అచ్చంపేట నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. జాతరలో శిగమూగే ఆడవాళ్లను చూసిన భయమే ఇంకా తీరలేదు. ఇప్పుడీ డిగ్రీ పిల్ల, తను రాత్రింబవళ్లు కూర్చుని రాసిన మోటార్ సైకిల్ రేసు ఆటకు పూనకం లేదని తగాదా పెడుతోంది.

"ఆటకు శిగమెందుకొస్తది? నీ పేరేంది?"

"జమ్ములు."

"అంటే జాతర దేవత జమ్ములమ్మ పేరేనా?"

"పూర్తిగ పిలిస్తే పలకను. మీ పేరు దశరథం గద, నేనేమన్న పెండ్లాలెందరని అడిగిన్నా?"

క్లాసు మొత్తం గొల్లున నవ్వింది. అందరూ వెళ్లాక ఆమే మళ్లీ వచ్చి తెరముందు కూర్చుంది.

"మా నాయిన మెకానిక్ ఆశన్న. ఆయన మాట అది. టూ స్ట్రోక్ బండి ముందుగాల నిద్రమొకంది సార్. రేజ్ ఒక కాడికి ఎక్కినంక ఒక్కపారి శిగమొస్తది, గుంజుకపోతది. ఆ జాగ గింతే ఉంటది. అది దాటితే ఉత్త అరుపే, గుంజుడుండదు. ఇంకా ఇస్తే బోరు పట్టేసి ఇంజనే ఆగిపోతది. ఆ లోపల్నే గేరు మార్చాలె. మీ బండి ఎంతిస్తే అంత ఉరుకుతనే ఉంది. అది బండి గాదు, పెండ్లిళ్ల పేరయ్య నోరు."

ఆ రోజు నుంచి క్లాసయ్యాక జమ్ములు నోటితో ఇంజన్ శబ్దం చేసేది. ఎక్కడ బరువుగా మూలుగుతుందో, ఎక్కడ ఎగిసిపడుతుందో, ఎక్కడ గొంతు చీలుతుందో అతను అంకెల్లోకి దింపేవాడు. అంకెలకంటే ఆమె పెదాలనే ఎక్కువగా చూసేవాడన్నది వేరే సంగతి.

"సార్, చూడాల్సింది స్క్రీను."

"స్క్రీన్ల గూడ నువ్వే కనబడుతున్నవ్."

"కరెంటు పోయింది గద. నల్లటి అద్దంల ఎవలైనా కనబడ్తరు."

ఒకసారి మాత్రం ఆమె నవ్వలేదు. ఆటలోని దారిని చూపించి, "ఇది జూరాల రోడ్డేనా?" అంది.

"అవును. ఆ వంపులు నచ్చి గీసిన."

"ఈ టర్నింగు కాడ్నే మా నాగన్నన్న పోయిండు. పోయిన వానకాలం. నాయిన ఆన్నుంచి షాపు తెరవలే, అన్న బండి మీద కప్పిన పట్ట తియ్యలే."

దశరథం వేలు డిలీట్ మీదికి పోయింది. "చెరిపేస్త" అన్నాడు.

"వద్దు. ఉండనీ. ఒక్కపారన్న ఆ టర్నింగు దాటే బండిని చూడాలె నేను."

పట్టపగలే మబ్బు కమ్మి చీకటి పడిన రోజు ఆట పూర్తయింది. అతను చాయ్ తాగి వచ్చేసరికి జమ్ములు గొడుగు గోడకానించి, తడిసిన జడ కొస పిండుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది. ఆటలో ఒక ఏర్పాటుంది: అంతకుముందు ఎవరు తోలితే వాళ్ల బండి బూడిదరంగు నీడలా ముందు పోతుంది, దానితో పందెం వేయాలి.

జమ్ములు కూర్చుని ఆట మొదలుపెట్టింది. నీడబండి కదిలింది. శిగం రానిచ్చింది. అరుపుకు వెంట్రుకవాసి ముందు రేజ్ తగ్గించి గేరు మార్చింది. జమ్ములు వేళ్లు బిగుసుకున్నాయి.

"ఇది మీరు తోలింది గాదు."

టర్నింగు వచ్చింది. నీడబండి ఒరిగింది, లేచింది, దాటింది. ముగింపు గీత దగ్గర ఆగింది. ఆగి, రెండుసార్లు రేజ్ ఇచ్చింది. డుర్... డుర్.

జమ్ములు కుర్చీలోంచి లేచింది. "ఇంటికొచ్చి మా అన్న గట్లనే ఇచ్చెటోడు. తలుపు తియ్యమని. నాకు తప్ప ఎవలికీ తెల్వదు, నాయిన నిద్ర లేస్తడని మెల్లగ ఇచ్చెటోడు."

గొడుగు మరచిపోయి వానలోకి వెళ్లిపోయింది. మరునాడు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఆ పిల్ల లేని తరగతి గది రేజ్ లేని బండిలా మూలుగుతూ ఉంటే, ఇక ఆగలేక దశరథం ఆ గొడుగు పట్టుకుని ఆశన్న ఇంటికి పోయాడు.

ఇంటికి ఆనుకుని ఉన్న మూసిన షాపు ముందు ముసలాయన కూర్చుని ఉన్నాడు. భయంలో దశరథం నోరు జారింది.

"మామా, నేను కంప్యూటర్..."

"ఏమంటివి? మామనా?"

తలుపు వెనక గాజులు గలగలమన్నాయి.

"మా ఆటల ఎవలో తోలిన నీడబండి సంగతి..." దశరథం నీళ్లు నమిలాడు.

"అది నేనే తోలిన" అన్నాడు ఆశన్న, చూపు నేలకు దించి. "బిడ్డ దినాం యాడికి పోతుందో చూద్దామని వచ్చిన. నువ్వు చాయ్‌కి పోయినవ్. ఆ పెట్టెల నా కొడుకు బండి అరుస్తుంది. ఊకుండబుద్ధి గాలే. వానికి నేర్పింది నేనే గద."

తలుపు వెనక జమ్ములు ఏడుస్తూ నవ్వింది. దశరథం గుండెల మీది బండ దిగింది.

"అమ్మయ్య. చివర్ల రెండుపార్లు రేజ్ ఇచ్చింది గూడ మీరేనన్నమాట."

ఆశన్న తలెత్తాడు.

"చివర్ల యాడిది? టర్నింగు కాడ్నే పడిపోతి గద. మళ్ల తోలబుద్ధి గాక లేచొచ్చిన."

"బండి దాటింది నాయినా, గీత కాడ రెండుపార్లు రేజిచ్చింది, అన్న లెక్క" అంది జమ్ములు తలుపు వెనక నుంచి.

ముసలాయన లేచాడు. మూలనున్న బండి మీద పట్ట లాగేశాడు. "వాడు దాటిండంటే," అన్నాడు, "ఇగ నేనెందుకు ఈడ ఆగాలె?"

మళ్లీ మబ్బు పట్టిన ఓ సాయంత్రం దశరథం ఒక్కడే సెంటర్‌లో ఉన్నాడు. కరెంటు పోయింది. బయట చీకట్లో ఇంజన్ ఆగింది. డుర్... డుర్.

మూడు దేవుళ్ల పేర్లు తలచుకుని తలుపు తీశాడు.

నాగన్న బండి మీద, నిలువెల్లా తడిసి, జమ్ములు.

"పాణం పోయింది గద నాకు! మీ నాయినకు తెల్సా?"

"ఆయనే తాళం చెవి ఇచ్చిండు. ఆ సారుకు శిగమొచ్చి శాన దినాలాయె, ఇట్లనే అరుసుకుంట కూసుంటే బోరు పట్టేస్తది, గేరు మార్చుమని చెప్పు అన్నడు."

"అంటే?"

"అంటే ఎనక కూసో. మామను అడగాల్సిందేదో ఇంటికొచ్చి అడుగు. అయినా..." ఆమె క్లచ్ పట్టింది. "ముందుగాల నన్నడుగు."

"జమ్ములమ్మా, నన్ను చేసుకుంటవా?"

"పూర్తిగ పిలిస్తే పలకనంటి గద" అంటూనే పలికింది, రెండుసార్లు, రేజ్‌తో.