వెనక సీటు గురించి ఒక్క ముక్క

"నా గుండె ఏదండీ?"

అతను ప్రూఫ్ కాగితం తెచ్చి ఆమె టేబుల్ మీద పెట్టాడు. ఆమె తల కూడా ఎత్తలేదు.

"తీసేశాను."

"ఇంజిన్ గుండెలా కొట్టుకుంటోందని రాశాను కదా!"

"మీరు నడిపిన ప్రతి బండికీ గుండె పెట్టేస్తున్నారు. పోయిన నెల స్కూటర్‌కి కూడా పెట్టారు. పాపం, ఒక్కదాన్నైనా గుండె లేకుండా బతకనివ్వండి."

బైకుల పత్రిక ఆఫీసు అది. కంపెనీలు పంపే కొత్త బళ్ళని కొన్నాళ్ళు నడిపి ఎలా ఉన్నాయో రాయడం అతని ఉద్యోగం. ఆఫీసులో అందరూ అతన్ని కిలోమీటర్ అంటారు. అతను రాసిందంతా దిద్దే సబ్ ఎడిటర్ ఆమె. ఆమెకి పెట్టిన పేరు కత్తెర. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు.

అతను ఏదో అనబోయేలోగా ఎడిటర్ గదిలోంచి కేక వినపడింది. "కిలోమీటర్! ఇలా రా!"

ఎడిటర్ చేతిలోనూ అదే వ్యాసం. "బండి పేరేంటి? అడ్వెంచర్ టూరర్. అంటే ఇద్దరూ కలిసి దూరాలు పోయే బండి. పేజీలకి పేజీలు రాశావు. వెనక సీటు గురించి ఒక్క ముక్క లేదేం?"

"వెనక ఎవరూ కూర్చోలేదు సార్."

"అయితే ఎవర్నైనా కూర్చోబెట్టు. సోమవారం బండి వెనక్కి పోతుంది."

బయటికొచ్చి ఫోన్ తీశాడు. స్నేహితుల పేర్లు చూసుకుంటూ పోయాడు. ఒకడు ఊరు మారాడు. ఒకడికి చంటిపిల్ల. ఇంకొకడితో మాట్లాడి ఎన్నాళ్ళయిందంటే, ఇప్పుడు చేస్తే అప్పు అడగడానికేమో అనుకుంటాడు. చివరికి అక్కకి చేశాడు.

"నాకు నడుం నొప్పిరా. మీ బావని అడుగు," అంది అక్క.

"నేనెక్కితే అది టెస్ట్ రైడ్ కాదు, క్రాష్ టెస్ట్!" వెనకనించి బావ నవ్వు.

ఫోన్ పెట్టేసి కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా ఇన్ని బళ్ళు నడిపాడు. వెనక కూర్చోడానికి ఒక్క మనిషి లేడన్న సంగతి ఎడిటర్ అడిగేదాకా తట్టనే లేదు.

"నేను వస్తాను."

మంచినీళ్ళ సీసా నింపుకుంటూ ఆమె. అంతా విన్నట్టుంది.

"మీరా?"

"ఏం, నేను మనిషిని కాదా? కానీ ఒక షరతు. వెనక సీటు గురించి నేనే రాస్తాను. నా వాక్యాల మీద మీరు చెయ్యి వేయకూడదు."

*

ఆదివారం పొద్దున్న ఆమె హాస్టల్ ముందు బండి ఆపాడు. ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న జాకెట్‌లో ఆమె చేతివేళ్ళు కూడా కనపడటం లేదు. ఎత్తైన సీటు వంక చూసింది.

"నిచ్చెన ఇవ్వలేదా కంపెనీ వాళ్ళు?"

"ఎడమ కాలు ఆ ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, గుర్రం ఎక్కినట్టు ఎక్కాలి."

"రోజూ గుర్రాల మీదే కదా వస్తాను ఆఫీసుకి!"

మూడోసారికి ఎక్కింది. దారిలో మాట్లాడుకోడానికి హెల్మెట్లలో ఇంటర్‌కమ్ ఉంది. కానీ ఊరు దాటేదాకా ఆమె ఏమీ మాట్లాడలేదు. రోడ్డు ఖాళీ అయింది. కొండలు మొదలయ్యాయి. ఇంటర్‌కమ్ సంగతే మర్చిపోయాడు.

ఒంటరిగా నడిపేవాడికి ఒక అలవాటు ఉంటుంది. బండితో మాట్లాడతాడు.

"ఏం తల్లీ, మెల్లగా పోతే గింజుకుంటావెందుకు? ఊళ్ళో ఉన్నంతసేపూ గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు దగ్గుతూనే ఉన్నావు. ఇదిగో, ఇప్పుడు యాక్సిలరేటర్ తిప్పాను. చూశావా, రెండు సిలిండర్లూ ఒక మాట మీదికొచ్చాయి. ఇంత బరువున్నదానివి, మలుపులో ఎంత తేలిగ్గా వాలిపోయావో!"

మలుపు తర్వాత మలుపు. గుంటలొస్తే బండి మోకాళ్ళు వంచి లేచినట్టు దాటేస్తోంది. గాలి అద్దం మీదుగా తలపైనుంచి పోతోంది.

"రేపు నిన్ను తీసుకుపోతారు. అలవాటు పడకూడదనే అనుకుంటాను ప్రతిసారీ. నీ తర్వాత ఇంకోటి వస్తుంది. అదీ పోతుంది. సాయంత్రం గదికెళ్తే హెల్మెట్ కుర్చీలో పెట్టి నేను మంచం మీద కూర్చుంటాను. ఇద్దరం ఎదురెదురుగా. ఏం చెప్పుకుంటాం?" కాస్త ఆగి అన్నాడు, "ఇవాళ మాత్రం వెనక బరువు బాగానే పడిందే నీకు!"

"బరువా?"

చెవిలోనే వినపడేసరికి అతను ఎంత గట్టిగా బ్రేక్ వేశాడంటే, ఆమె హెల్మెట్ వచ్చి అతని హెల్మెట్‌కి టక్కున కొట్టుకుంది.

"మీరు... ఎప్పట్నించి వింటున్నారు?"

"తల్లీ అన్నప్పట్నించి. ముందు నన్నే అనుకున్నాను. ఇదేం పిలుపురా భగవంతుడా అనుకున్నా. సిలిండర్లు వచ్చేసరికి నేను కాదని తెలిసింది."

అతను బండి మళ్ళీ కదిలించాడు. అదృష్టం కొద్దీ అప్పుడే వాన మొదలైంది.

మూసేసిన పెట్రోల్ బంకు కప్పు కింద బండి ఆపారు. ఇంజిన్ చల్లారుతూ టిక్ టిక్‌మంటోంది. వాన నాలుగు వైపులా తెరలా దిగింది. వెనక సిలిండర్ వేడి కాలికి తగిలిందని ఆమె తొడ రుద్దుకుంది. తర్వాత, అడగకుండానే చెప్పింది.

"ఎందుకొచ్చానని అడగలేదు మీరు."

"అడిగితే మానేస్తారేమోనని."

ఆమె నవ్వింది. నవ్వు త్వరగానే ఆగిపోయింది. "నాతో గదిలో ఉండే అమ్మాయి పెళ్ళయి వెళ్ళిపోయింది. శనివారం ఆఫీసులో 'వస్తానండీ' అంటాను చూశారా, మళ్ళీ సోమవారం ఎవరికో ఒత్తు తప్పిందని చెప్పేదాకా నా గొంతు నాకే వినపడదు. మీకు నయం. బండితోనైనా మాట్లాడతారు. నాకు ఆ ధైర్యం కూడా లేదు."

అతను చాలా చెప్పాలనుకున్నాడు. "వాన తగ్గినట్టుంది," అన్నాడు.

*

పత్రిక వచ్చింది. ఆమె రాసిన భాగం ఎడిటర్‌కి తెగ నచ్చింది. 'గంట దాటితే ఈ సీటు చెక్కబల్ల. కింద వేడి, ఎదురుగా ఒక హెల్మెట్ వెనకభాగం. దిగేసరికి ఒళ్ళు హూనం. ఈ సీటు మీద రెండోసారి ఇంత దూరం ఎవరూ వెళ్ళరు.'

చివరి వాక్యం అతను గదిలో కూర్చుని పదేపదే చదివాడు. రెండోసారి ఎవరూ వెళ్ళరు. మళ్ళీ వస్తారా అని ఇంకేం అడుగుతాడు?

ఆఫీసులో మాటలు తగ్గిపోయాయి. అతని వ్యాసంలో ఏ వాక్యం పోయినా వచ్చి అడగడం మానేశాడు. మంచినీళ్ళ దగ్గర ఎదురుపడితే "ముందు మీరు" అంటాడు, "పర్లేదు, మీరే" అంటుంది. ఇద్దరూ నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోతారు.

ఇంకో టూరింగ్ బండి వచ్చింది. అదీ రెండు సిలిండర్లదే. మెత్తని సీటు, వేడి పైకి రాకుండా అడ్డు రేకు. ఆదివారం ఒక్కడే అదే కొండ రోడ్డుకి తీసుకెళ్ళాడు.

"బాగున్నావు తల్లీ," అని మొదలుపెట్టాడు. తర్వాత మాట కదల్లేదు.

ఇంతకుముందు జవాబు రాకపోయినా లోటనిపించేది కాదు. ఇప్పుడు ఒక మాట అని ఆగుతున్నాడు. ఎవరో ఏదో అంటారని చెవి కాచుకుంటోంది. హెల్మెట్‌లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఆ పెట్రోల్ బంకు ఈసారి తెరిచి ఉంది. మనుషులున్నారు, బళ్ళున్నాయి. అతనికి మాత్రం లోకమంతా ఖాళీగా కనపడింది.

బండి తిప్పేశాడు. తిన్నగా కంపెనీ షోరూమ్‌కి వెళ్ళి తాళం అప్పగించి, బస్సెక్కాడు.

అతను ఫోన్ చేస్తే, చినుకుల్లో ఆమె హాస్టల్ గేటు దగ్గరికి గొడుగుతో వచ్చింది. రోడ్డు అటూ ఇటూ చూసింది.

"బండి ఏది?"

"ఇచ్చేశాను. బండి ఉంటే పని మీద వచ్చాననుకుంటారని."

"అబ్బో, ఇన్నాళ్ళకి మాట బయటికొచ్చింది! నేను రాసినదానికి కోపం వచ్చిందేమో అనుకున్నాను."

"కోపం కాదండీ. రెండోసారి ఎవరూ వెళ్ళరని రాశారుగా. ఇంకెలా అడగమంటారు?"

ఆమె గొడుగు పక్కకి వాల్చి అతని మొహంలోకి చూసింది. ఇతను నిజంగానే అంటున్నాడా అన్నట్టు.

"నేను సీటు గురించి రాశానండీ బాబూ! మనిషి గురించి కాదు."

వాన చినుకులు ఇద్దరి మీదా పడుతున్నాయి.

"మనిషి గురించి రాయాల్సి వస్తే?"

"అది పత్రికకి ఇవ్వను."

"నాకు మీరంటే..." అన్నాడు. మిగతాది ఎంత ప్రయత్నించినా రాలేదు.

"ఒక్క వాక్యం పూర్తి చెయ్యలేవా నువ్వు?" అంది మెల్లగా. కళ్ళు తడిగా ఉన్నాయి. 'నువ్వు' అన్నది ఇద్దరికీ వినపడింది.

"నువ్వంటే ఇష్టం," అన్నాడు. "దిద్దడానికేమైనా ఉందా?"

"లేదు. అలాగే ఉండనీ."

అప్పుడే ఫోన్ మోగింది. అక్క. "అక్కా, పక్కన మనిషి ఉంది, మళ్ళీ చేస్తాను," అన్నాడు కంగారుగా.

అవతలనించి వీధి చివరిదాకా వినపడే కేక. "ఏవండీ! వీడి పక్కన మనిషి ఉందట! ఒరేయ్, ఆ అమ్మాయికివ్వు ఫోన్!"

ఆమె నవ్వుకుంటూ ఫోన్ తీసుకుంది. "నమస్తే అక్కా."

అటునించి అక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. ఆఖరికి ఒకటే అడిగింది.

"వాడు అన్నం తిన్నాడామ్మా?"

ఆమె అతని వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"లేదక్కా," అంది గొడుగు అతని మీదికి కూడా జరుపుతూ. "ఇప్పుడు తింటాం."