నెమ్మదిగా దిగాల్సిన మందు

రిటైరైన సైన్యాధికారి ఇంజెక్షన్ వేయించుకున్న రెండో రోజున, కూర్చున్న కుర్చీలోనే పోయాడు. ఆ సాయంత్రమే చీఫ్ తొమ్మిదో నంబర్ ఏజెంటును పిలిచాడు.

“నెలకోసారి వేసే హార్మోన్ అది. దానికి హెప్టనోయిక్ యాసిడ్ తగిలిస్తే మందు నెలంతా నెమ్మదిగా దిగుతుంది. విదేశీ ముఠా ఫ్యాక్టరీలో ఆ యాసిడ్ డ్రమ్ముల్లో ఒకటి తీసేసి వెనిగర్ యాసిడ్ పెడుతోంది. మందంతా ఒక్కసారే దిగితే బలహీనమైన గుండె తట్టుకోదు. శుక్రవారం కొత్త బ్యాచ్. ఆపు.”

“పాత బ్యాచ్ ఇంకా క్లినిక్కుల్లో ఉందా సార్?”

“ఉంది. వెనక్కి రప్పిస్తే ముఠా జాగ్రత్తపడుతుంది. నోరు మెదపకు. ఇంట్లో కూడా.”

ఆపరేషన్ అయినప్పటినుంచీ ఏజెంటు తమ్ముడు వేయించుకునేది ఆ ఇంజెక్షనే. తమ్ముడిది అసలే నీరసపు గుండె. ఫోన్ చేసి, “ఈసారి వచ్చే వారం దాకా ఆగరా,” అన్నాడు.

“ఎందుకన్నయ్యా?”

“చెప్పింది విను!” అని కసిరి పెట్టేశాడు. దేశాన్ని కాపాడే ఉద్యోగంలో అంతకుమించి నోరు ఉండదు మరి.

కూలీ వేషంలో ఆ మందు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాడు. ఆ యాసిడ్‌ది కడుపులో తిప్పే కంపు. అందుకని సాంపిల్ తీసేవాళ్లు ఒక్క డ్రమ్మే తెరిచి, ఉన్న ఎనిమిది డ్రమ్ములకూ అదే రిపోర్టు రాసేసేవారు. ముఠాకు దొరికిన సందు అదే. రెండు రోజులకే ఏజెంటు ముక్కు మొద్దుబారింది. వాసన పసిగడుతుందని ఆఫీసు ఇచ్చిన వాచీ ప్రతి డ్రమ్ము దగ్గరా ఒకేలా కూసింది.

శుక్రవారం మధ్యాహ్నం క్వాలిటీ మేడమ్ ఎర్ర స్కార్ఫు సర్దుకుంటూ వచ్చింది. ముఠాలో ఉంటూ చీఫ్‌కు కబుర్లు చేరవేసే అందగత్తె.

“లిఫ్టు పనిచేస్తోందా?” కోడ్ అడిగాడు.

“ఏడో అంతస్తు దాకా.” అంటే దొంగ సరుకు ఏడో డ్రమ్ములో.

అందులోంచి కాస్త తీసి గ్లాసు నీళ్లలో పోశాడు. నూనెలా పైకి తేలింది. అసలు సరుకే! పంపుకు తగిలించి ఉన్న మూడో డ్రమ్ములోది పోశాడు. నీళ్లలో ఇట్టే కలిసిపోయింది. మేడమ్ చెయ్యి స్విచ్ మీద పడుతుండగా గొట్టం పీకేశాడు.

“నన్నూ నమ్మావు, మీ చీఫ్‌నీ నమ్మావు. నీలాంటి వెర్రివాడు ఎక్కడా దొరకడు,” అంది బేడీలు వేయించుకుంటూ. అంతలో మరదలి ఫోన్ వచ్చింది.

ఆస్పత్రికి చేరేసరికి తమ్ముడి ముఖం మీదికి దుప్పటి కప్పేశారు.

“నీరసం తట్టుకోలేక బుధవారమే వేయించుకున్నారు,” అంది మరదలు. “ఎందుకు ఆగాలో ఒక్క మాట చెప్పుంటే ఆగేవారు కదా బావగారూ?”

ఏజెంటు జేబులో ఫోన్ మోగింది. చీఫ్.

“శభాష్! విషయం ఎక్కడా బయటికి పొక్కలేదుగా?”

“లేదు సార్. మా తమ్ముడిక్కూడా తెలియనివ్వలేదు.”